ఖాళీ గ్రౌండ్‌లో కామెంటరీ

నాకు పల్లెటూరి క్రికెట్ కామెంటరీ అంటే పిచ్చి. స్టేడియాల్లో జరిగే పెద్ద ఆటలు కాదు. టెన్నిస్ బంతితో, జీడిమామిడి తోటల పక్కన ఆడే ఆదివారం మ్యాచ్‌లు. ఉంటున్నది రాజమండ్రిలో, చేసేది ఇంటి దగ్గర పిల్లలకు లెక్కల ట్యూషన్. సాయంత్రం కూరగాయలు తరుగుతూ ఫోన్‌లో యూట్యూబ్ పెట్టుకుంటే నర్సీపట్నం వైపు నుంచి ఒక గొంతు వినిపించేది. "లాంగాన్ మీదుగా, తోట మీదుగా, మన తలకాయల మీదుగా... ఆరు!" అనే ఆ గొంతు దేవదానం గారిది. మైకుసెట్లు అద్దెకిచ్చే మనిషి అని మాత్రం తెలుసు. బంతి కనిపించకపోయినా ఆయన మాట వింటే ఆట కళ్ళ ముందు కదిలేది. నిరుడు ఆ వీడియోలు ఆగిపోయాయి. ఈ మార్చి చివర్లో ఉన్నట్టుండి కొత్తది ఒకటి వచ్చింది. మిట్టమధ్యాహ్నం, రెండు వైపులా వికెట్లు పాతి ఉన్న గ్రౌండ్, ఒక్క మనిషి లేడు. స్పీకర్లో మాత్రం దేవదానం గారు పేరు పేరునా ఆటగాళ్ళను పిలుస్తూ పూర్తి మ్యాచ్ చెబుతున్నారు. కింద అందరూ "దెయ్యాల మ్యాచ్" అని రాశారు. నేను "ఆయన బాగున్నారా?" అని అడిగాను. ఆ ఛానెల్ నడిపే చిన్నారావు, ఆ ఊరి టీము కెప్టెనే, లొకేషన్ పంపించి "రండి మేడం, శుక్రవారం నాలుగింటికి ప్రాక్టీసు ఉంది" అన్నాడు. అంతే, బయల్దేరాను.

రాజమండ్రి నుంచి ఉదయం రైల్లో తుని దిగాను. నర్సీపట్నం రోడ్డు అని ఒక స్టేషన్ ఉంది కదా అని అక్కడ దిగకండి, అసలు ఊరు అక్కడికి చాలా దూరం. తునిలో టిఫిన్ చేసి నర్సీపట్నం బస్సెక్కితే గంటా గంటన్నరలో దింపింది, టిక్కెట్టు వంద లోపే. ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర్లో ఒక మెస్‌లో పచ్చి జీడిపప్పు కూర దొరికింది. ఈ సీజన్లో తప్ప దొరకని కూర. వడ్డించే ఆవిడ రెండోసారి వేస్తూ "ఏ ఊరెళ్తన్నారమ్మా?" అని అడిగింది. రావికమతం వైపు ఒక ఊళ్ళో కామెంటరీ వినడానికని చెప్పాను. గరిటె గిన్నెలోనే ఆగింది. "ఆ మైకు కాడికా? మా సెల్లెల్ది ఆ ఊరే. మజ్జాన్నం పూట తలుపులేసుకుంటారంట ఆ పక్కోళ్ళు. బేగి సూసుకొని ఎలుతురుండగానే వచ్చీయండి" అంది. నేను నవ్వాను గాని ఆవిడ నవ్వలేదు.

ఊరి పేరు రాయవద్దని అక్కడివాళ్ళు కోరారు కాబట్టి రాయడం లేదు. రావికమతం రోడ్డులో కొంతదూరం వెళ్ళాక లోపలికి తిరగాలి. రానూపోనూ ఆటో మాట్లాడుకుంటే ఆరువందలన్నాడు, ఐదువందలకు వచ్చాడు. చెరకు కొట్టేసిన పొలాలు, దూరంగా కొండలు, దారంతా మాగిన జీడిమామిడి పళ్ళ పుల్లటి వాసన. తోట మొదట్లోనే ఆటో ఆపేశాడు. "ఇక్కడే ఉంటానండి, మీరెళ్ళి రండి" అన్నాడు. ఎందుకని అడిగితే వెంటనే చెప్పలేదు. ఇంజన్ ఆపాడు. అప్పుడు వినబడింది, తోట అవతల నుంచి, గాలికి వచ్చి పోతూ, నాకు బాగా తెలిసిన ఆ గొంతు. "ఇన్నారా? ఒకపాలి దగ్గరికెళ్ళి సూశానండి. పదకొండు మంది పేర్లూ సెప్తాడు. గ్రౌండ్లో ఒక్కడుండడు. మజ్జలో ఒకణ్ణి పేరెట్టి పిలుత్తాడు సూడండి, అప్పుడు ఎనక్కి తిరిగి సూడాలంటే భయం" అన్నాడు ఆటో అతను.

తోటలో చెట్లు పొట్టిగా, కొమ్మలు నేలను తాకుతూ ఉంటాయి. వంగి నడవాలి, ముందు ఏముందో కనిపించదు. గొంతు ఒకసారి కుడివైపు నుంచి, ఒకసారి నా వెనక నుంచి వచ్చినట్టుండేది. మధ్యలో జనం కేకల కోసం ఆయన ఒక్క క్షణం ఆగేవారు. ఆ ఖాళీలో ఈగల రొద తప్ప ఏమీ లేదు. చెట్లు అయిపోగానే ఎండలో తెల్లగా మెరుస్తున్న గ్రౌండ్ కనిపించింది. వికెట్లున్నాయి, సున్నంతో గీసిన బౌండరీ ఉంది, మనుషులు లేరు. నేను గొడుగు తెరిచి రెండు అడుగులు వేశానో లేదో స్పీకర్లో గొంతు మారింది. "ఒక్క నిమిషం. డీప్ స్క్వేర్ లెగ్ వైపు గొడుగుతో ఒక అమ్మగారు గ్రౌండ్లోకి వస్తున్నారు. అమ్మా, గీత అవతలే నిలబడండి. బంతి మీ వైపే వస్తోంది."

చెబితే నవ్వుతారు గాని, నేను వెనక్కి దూకాను. గొడుగు చేతిలోంచి జారిపోయింది. రాని బంతి కోసం నేల వంక చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

అవతలి వైపు రేకుల షెడ్డు కింద మైకు ముందు ఆయన కూర్చుని ఉన్నారు. యాభై దాటిన మనిషి, నల్ల కళ్ళజోడు. పక్కన ఆయన భార్య సువార్తమ్మ గారు చీపురు పుల్లలు చీలుస్తున్నారు. గ్రౌండ్ చుట్టూ తిరిగి షెడ్డు చేరాక తెలిసింది, షుగర్ వల్ల ఆయన చూపు ఏడాదిగా పోతూ వచ్చి ఇప్పుడు నీడలు మాత్రమే మిగిలాయని. "ఎండలో నల్లగా కదిలేది ఇంకా కనబడతాదండి. గొడుగని పోల్చాను" అన్నారు. ఆడమనిషినని ఎలా తెలిసిందని అడిగాను. "తెల్దు. మగోడైతే ఆడే అరిచి సెప్తాడు కదా!" అని గట్టిగా నవ్వారు. నాకు ప్రాణం కుదుటపడింది. ఖాళీ గ్రౌండ్‌కి కామెంటరీ ఎందుకని అడిగితే నవ్వు ఆపారు. "ఆ నీడలు కూడా పోయేలోపు గ్రౌండ్ మొత్తం నోటికి అలవాటు సేసుకోవాలండి. పాత మ్యాచులన్నీ మళ్ళీ సెప్పుకుంటన్నాను. ఆదివారం నర్సీపట్నంలో టోర్నమెంటు. ఎన్నో ఏళ్ళుగా ఆ మైకు నాదే. ఈసారి కమిటీవోళ్ళు గుడ్డోడు కామెంటరీ ఏటి సెప్తాడని వేరే కుర్రోణ్ణి మాటాడుకుంటన్నారు."

నాలుగు దాటాక చిన్నారావు కుర్రాళ్ళతో వచ్చాడు. ఆ రోజు ప్రాక్టీసు మామూలుది కాదని అప్పుడు చెప్పాడు. దేవదానం గారు చెప్పే కామెంటరీ ఒక ఇన్నింగ్స్ తప్పు లేకుండా వీడియో తీసి పంపిస్తే కమిటీ చూసి నిర్ణయిస్తుందట. చిన్నారావు అంపైర్‌గా నిలబడి, ఫోన్ ఒక కుర్రాడికిచ్చి షెడ్డు దగ్గర నుంచి తీయమన్నాడు. ఆయనకు కళ్ళు సువార్తమ్మ గారే. ఆవిడకు క్రికెట్ ఓనమాలు రావు. చెవిలో "ఎర్ర సొక్కావోడు కొట్టాడు, కుక్క పడుకున్న వైపెల్లింది" అంటారు. ఆయన వెంటనే "పాయింట్ దిశగా చక్కటి కట్ షాట్!" అని అందుకుంటారు. ఒక్క తప్పు రాలేదు. బ్యాట్ చప్పుడు బట్టి షాటేదో, పరుగు చప్పుడు బట్టి ఎవరు వికెట్ల మధ్య పరిగెడుతున్నారో చెప్పేస్తున్నారు. నేను ఆటను వదిలేసి ఆయన మొహమే చూస్తున్నాను.

చివరి ఓవర్లు. ఎడమచేతి కుర్రాడి బ్యాట్ అంచుకు తగిలి బంతి వెనకవైపు, థర్డ్ మ్యాన్ దిశగా దూసుకుపోయింది. అక్కడ ఫీల్డర్ లేడు. అక్కడి నేల మెత్తటి మట్టి కాదు, గట్టి గ్రావెల్, పైగా బౌండరీ వైపు వాలు. సువార్తమ్మ గారు చెప్పడానికి నోరు తెరిచి ఆగిపోయారు. ఆయన ఆవిడ కోసం చూడలేదు. "థర్డ్ మ్యాన్లో రాజబాబు... కుడివైపు పరిగెత్తాడు... ఆపేశాడు! ఒక్క పరుగే." కుర్రాళ్ళంతా కొయ్యబారిపోయారు. బంతి గీతకు మూరెడు ఇవతల, ఆ వాలు మీద, ఎవరో పాదం అడ్డం పెట్టినట్టు ఆగి ఉంది. బ్యాటర్లు ఒక్క పరుగు తీసి నిలబడిపోయారు. బంతి తేవడానికి ఎవరూ కదల్లేదు. చివరికి చిన్నారావే వెళ్ళాడు, పక్కనున్న ఎవరికో దారి ఇస్తున్నట్టు కొంచెం చుట్టు తిరిగి.

రాజబాబు సువార్తమ్మ గారి తమ్ముడు. ఎప్పుడూ థర్డ్ మ్యాన్లోనే నిలబడేవాడట. రెండేళ్ళ కిందట పాయకరావుపేట దగ్గర హైవే మీద బండి ప్రమాదంలో పోయాడు. ఆట అయ్యాక చిన్నారావు ఫోన్ పట్టుకుని ఆవిడ దగ్గరకు వచ్చాడు. "ఆ ఒక్క బంతి కత్తిరించి పంపీమంటావా అక్కా?" అన్నాడు. ఆవిడ చీపురు పుల్లలు కట్టకట్టి పక్కన పెట్టారు. "మొదట్లో నేనూ దెబ్బలాడాను, సచ్చిపోయినోడి పేరు మైకులో ఏటని. మా ఇంట్లో ఆడి పేరు ఎవరూ ఎత్తరు. అమ్మ ఏడుత్తాదని భయం. ఇక్కడైనా ఇనబడతాది కదాని ఊరుకున్నాను." కొంగుతో మొహం తుడుచుకుని "కత్తిరించకు. ఉన్నదున్నట్టు పంపించు" అన్నారు. దేవదానం గారు మైకు వైరు చుట్టుకుంటూ తల వంచుకుని ఉన్నారు. విన్నారని నాకు తెలుసు.

వెలుతురు ఉండగానే ఆటో దగ్గరకు చేరాను. గ్రౌండ్ నుంచి వచ్చేముందు ఆ వాలు దగ్గర నిలబడి చూశాను. గడ్డి లేదు, గుంట లేదు, రాయి లేదు. నా చేతిలోని సీసా మూత నేల మీద దొర్లించాను. ఆగకుండా గీత దాటిపోయింది. అంతకుమించి అక్కడ ఉండాలనిపించలేదు.

కమిటీ ఒప్పుకుంది. భార్య పక్కన కూర్చోవాలన్న షరతు మీద. ఆదివారం వంటింట్లో ఫోన్ గోడకు ఆనించి లైవ్ పెట్టుకున్నాను. టౌన్ మ్యాచ్, నిజమైన జనం, నిజమైన కేకలు. ఆయన ఒక్కసారి కూడా తడబడలేదు. రెండో ఇన్నింగ్స్‌లో బ్యాట్ అంచు చప్పుడు వినిపించింది. మైకులో సువార్తమ్మ గారి గుసగుస కూడా దొరికింది. "ఎనక్కెల్తంది... తమ్ముడి వైపు." తర్వాత ఏ శబ్దమూ లేదు. జనం కేకలు కూడా నాకు వినపడలేదు. నా చేతిలో బెండకాయ కత్తిపీట మీద అలాగే ఉండిపోయింది. అప్పుడు ఆయన గొంతు, చాలా నెమ్మదిగా వచ్చింది. "అక్కడ ఎవరూ లేరు. నాలుగు పరుగులు."

ఆ బంతి ఎందుకు ఆగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవడానికి మళ్ళీ వెళ్ళాలని కూడా లేదు. ఆట మీద ఇష్టం అంటే గెలుపు, కేకలు, స్కోరు అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఒక మనిషిని రోజూ మధ్యాహ్నం పేరు పెట్టి పిలవడానికి, చివరికి ఒక రోజు పిలవకుండా ఉండడానికి కూడా ఆటే చోటిచ్చిందని ఆ ఆదివారం అర్థమైంది. ఆయన గెలిచారో ఓడారో నాకు తెలియదు గాని, ఆ నాలుగు పరుగులు ఆయన నోటి వెంట రావడానికి ఎంత కష్టమైందో విన్నాను.

వెళ్ళాలనుకునేవారికి ఒక మాట: వేసవిలో ప్రాక్టీసు రోజుల్లో నాలుగు తర్వాత వెళ్ళండి, చిన్నారావుకి ముందుగా ఛానెల్లో చెప్పండి, ఆటోని రానూపోనూ మాట్లాడుకోండి. గ్రౌండ్ దగ్గర ఎక్కడైనా నిలబడి చూడవచ్చు, థర్డ్ మ్యాన్ వైపు తప్ప. అక్కడ నిలబడవద్దని ఎవరూ చెప్పరు. కానీ ఊళ్ళోవాళ్ళు ఎవరూ నిలబడరు.