మాస్టారికి మిగిలిన మాట

మా తెలుగు మాస్టారు పోయారు. మొన్న పొద్దున్న ఎదురింటి గుమ్మంలోంచి ఆయన భార్య, మా మాస్టారమ్మ, చెయ్యి ఊపింది. నేను పరిగెత్తి వెళ్లేసరికే అయిపోయింది. సోంపేట చుట్టుపక్కల ఆయన దగ్గర విభక్తులు నేర్చుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. ఈ నాలుగు ముక్కలూ వాళ్ల కోసం, ఆయన్ని ఎరగని మీ కోసం కూడా.

విభక్తులు అందరూ బట్టీ పట్టిస్తారు. ఆయన మాతో నాటకం ఆడించేవారు. బోర్డు మీద ‘వచ్చావా’ అని ఒక్క మాట రాసి, "దీన్ని అమ్మలాగ అనవే. ఒరే, నువ్వు అత్తగారిలాగ అనరా" అనేవారు. రేవు నుంచి వచ్చే పిల్లలు చేపలవేట నుంచి నాన్న తిరిగొచ్చినప్పటిలా అనేవారు. క్లాసంతా గొల్లుమనేది. "ప్రత్యయం మాట సివర అతుక్కుంతాది, కాగితం మీద కనపడతాది. మనసు గొంతులో అతుక్కుంతాది. సెవి పెట్టకపోతే దొరకదర్రా!" అనేవారు. మన యాసకి ఎవరైనా నవ్వితే, "ఆళ్లు మాటాడతారు, మనం మాటని ఊపుతాం. అంతే తేడా" అని మీసం దువ్వేవారు.

అలాంటి మనిషికి రిటైరయ్యాక కిడ్నీలు పోయాయి. మా ఉద్దానంలో అదేం వింత కాదు. ఆ పైన పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మొత్తం పడిపోయినా బాగుండేదేమో, ఖర్మ, ఒక్కటి మిగిలింది: "సరే." ఆకలికీ అదే, కోపానికీ అదే, కాదనడానికీ అదే. వద్దనాలని నోరు తెరిస్తే సరే అని వచ్చేది. అప్పుడు ఆయన బావిలో పడ్డవాడు పైకి చూసినట్టు చూసేవారు.

ఊపు మాత్రం పోలేదు. చివర సాగదీసి అంటే కాఫీ ఏదని. నొక్కి అంటే టీవీ కట్టెయ్యమని. చూడ్డానికి వచ్చినవాళ్లు ఆయన చెవిటివాడైనట్టు అరుస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

రోజు విడిచి రోజు పలాసలో డయాలసిస్. ఆటో చప్పుడు వినగానే ఆయన పళ్ల మధ్య నుంచి "సరే" అనేవారు. అంత గట్టి ‘రాను’ నేనెక్కడా వినలేదు. "మేస్టారు సరే అన్నారు కదమ్మా, ఎక్కించేద్దాం" అని ఆటో అతను భుజాలు పట్టేవాడు. మాస్టారమ్మ కాళ్లు పట్టేది. తిరిగొచ్చాక కొలిచి పోసిన గుక్కెడు నీళ్లు. చుట్టూ కొబ్బరితోటే, బొండం నీళ్లు మాత్రం గుండెకి ముప్పని ముట్టకూడదన్నారు.

ఒకరోజు ఉండబట్టలేక, "అత్తా, ఆయన రానంటున్నారు" అన్నాను.

ఆవిడ నా మీద విరుచుకుపడింది. "నాకు ఇనబడనేదనుకుంతన్నావేటే? ఆ గొంతుతో కాపరం సేసిందాన్ని, తెల్దేటి నాకు? ఇన్నానని ఒప్పుకుంటే ఆయన్ని ఒగ్గెయ్యాల. ఒగ్గేసి నానెలా బతికేది?"

ఆ ఇంట్లో చిక్కుబడి ఉన్నది ఆయనొక్కరే కాదని అప్పుడు తెలిసింది.

పోయిన వారం మళ్లీ ఆటో వచ్చింది. సాయం పడదామని నేనూ వెళ్లాను. "ఎల్దామాండీ?" అంది మాస్టారమ్మ.

"సరే" అన్నారాయన. కోపం లేదు, బతిమాలడం లేదు, ఎత్తూ పల్లం ఏమీ లేదు. ఇన్నాళ్లూ పోని ఆ ఊపు పోయింది, మరెవరో అన్నట్టుంది.

ఆవిడ ముఖం పాలిపోయింది. "ఇంకోపాలి అనండి" అంది. ఆయన అలాగే అన్నారు.

ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడింది. తర్వాత ఆటో అతనితో, "నువ్వెల్లిపో నాయనా, ఇంక రావొద్దు" అంది. నా వైపు తిరిగి, "ఒక బొండం కొట్టించి తే" అంది. వద్దనలేదు నేను. తెచ్చాను.

కొలవకుండా గ్లాసు నిండా పోసింది. ఆయన కళ్లు మూసుకుని తాగారు. సగం గడ్డం మీదుగా కారిపోయింది.

"ఇంకొంచెం పొయ్యనా?" అంది ఆవిడ, ఏడుపు మింగుతూ.

"సరేఏఏ!" అన్నారు మాస్టారు. ఆ మాటకున్న అర్థంతోనే ఆ మాట అనడం, జబ్బు చేశాక అదే మొదలు. ఆవిడకి నవ్వొచ్చేసింది. ఆ నవ్వుతోనే బొండం రెండు చేతులా ఎత్తి, చుక్క మిగలకుండా గ్లాసులోకి వంచింది.