బావ పేరు పెట్టిన లాప్‌టాప్

నా తెలివి మీద నాకున్న నమ్మకం ఒక్క మధ్యాహ్నంలో ఎలా మట్టిగొట్టుకుపోయిందో చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. మా బావ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

గద్వాలలో నేను చీరల అంచులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీస్తాను. పక్క కొట్టులో మా అక్క మొగుడు, అంటే మా బావ, అదే పని చేస్తాడు. మధ్యలో ఒక్కటే గోడ. నేను జంట హంసలు గీస్తే వారం తిరిగేసరికి ఆయన చీర మీద జంట చిలకలు వాలేవి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఈశ్వరుడికి చేతకానిది నేను చేసి చూపిద్దామనుకున్నాను. కిటికీ సందులోంచి ఆయన కొట్టుకు ఫొటోలు తీసి, 'బావ దొంగతనాలు' అని ఒక ఫోల్డర్‌లో దాచడం మొదలుపెట్టాను.

ఇంతలో వనపర్తి సావుకారు ఒకాయన పెళ్లి చీరలకు కొత్త అంచు అడిగాడు. నచ్చితే ఏడాదంతా పని నాకే. రుద్రాక్షల మధ్య నెమలి ఆడేలా గీశాను. అది బావ కంట పడితే నా గతేం కాను? పాత కంప్యూటర్‌లో ఉంచడం క్షేమం కాదని కొత్త లాప్‌టాప్ కొన్నాను. పెన్‌డ్రైవ్ వాడలేదు, దాన్ని ఎవరైనా జేబులో వేసుకుని పోగలరు. వైరు లేకుండా గాలిలో పంపితే ఎవడు పట్టుకుంటాడు? ఇంకో జాగ్రత్త కూడా పడ్డాను. కొత్త లాప్‌టాప్ నాదని ఎవరికీ తెలియకూడదని దానికీ బావ కంప్యూటర్‌కున్నట్టే ఆయన కొట్టు పేరే పెట్టాను. నాకింత తెలివి ఎక్కడిదా అని నేనే మురిసిపోయాను.

పాత కంప్యూటర్‌లో డిజైనూ, సాక్ష్యాల ఫోల్డరూ ఒకే మూటగా కట్టి, దగ్గర్లో ఏ కంప్యూటర్లు ఉన్నాయో వెతికాను. బావ కొట్టు పేరు కనబడింది. నొక్కాను. కాసేపటికి పంపడం అయిపోయిందని వచ్చింది. లాప్‌టాప్ తెరిస్తే ఏమీ లేదు. అందులో షేరింగ్ నేను ఆన్ చేయనే లేదని అప్పుడే తట్టి ఉంటే ఈ కథే లేదు. నాకు తట్టింది ఒక్కటే: దారిలో బావ కొట్టేశాడు. గోడలకు చెవులుంటాయంటారు, మా గోడకు చేతులు కూడా మొలిచాయనుకున్నాను.

పక్క కొట్టులోకి దూసుకుపోయాను. ఆయన కంప్యూటర్ తెర మీద నా నెమలి పురి విప్పుకుని ఉంది.

"దొరికినవ్ బావా. గిదేంది?"

"నన్నడుగుతవేంది, పంపింది నువ్వే. తీస్కోవాల్నా అని కంప్యూటర్ అడిగింది. బామ్మర్ది పంపిండు గదా అని తీస్కున్న."

నేను నోరు తెరిచేలోపు ఆయన ఫోల్డర్ కూడా తెరిచాడు. దాని పేరు పైకి చదివాడు. ఫొటోలన్నీ తాపీగా చూశాడు. ఒకదాంట్లో ఆయన బనియన్ మీద కుర్చీలో కునుకు తీస్తున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"గివి మీ అక్కకు చూపియ్యాల్నా, లేకుంటే నెమలిని నేనే ఉంచుకోవాల్నా? జర ఆలోచించి చెప్పు."

మా అక్క సంగతి మీకు తెలియదు. మొగుణ్ని తను వంద తిడుతుంది గానీ, ఇంకొకరు ఒక్క మాటంటే చీపురు తీస్తుంది. ఇక ఆలోచించడానికి ఏముంది?

"నెమలి నీదే బావా."

ఆ ఏడాది వనపర్తి పనంతా ఆయనే చేశాడు. నేను జమ్ములమ్మ తల్లి మీద ఒట్టేసుకున్నాను. ఈ జన్మలో మా బావను అనుమానించను. ఒకవేళ అనుమానించినా ఫొటోలు తీయను. తీసినా, ఆ ఫోల్డర్‌కు పేరు మాత్రం పెట్టను.