రేకుల మీద బోదగడ్డి

మేడగదికి ఎండ దిగకుండా గ్లాస్‌వూల్ అనే గాజుపీచు వేయిద్దామంటే మేస్త్రీ నిన్న ఓ ముక్క తెచ్చాడు. పసుప్పచ్చగా ఉంది. పట్టుకుంటే చేతికి దురద, అచ్చం మా పాత ఇంటి కప్పు మీది బోదగడ్డి లాగే.

మీకూ గుర్తుండే ఉంటుంది, రేకుల ఇల్లంటే అప్పట్లో ఎంత గొప్పో. ఆ గొప్ప కోసమే నాన్న బోదకప్పు పీకించి సిమెంటు రేకులు వేయించాడు.

"ఒరేయ్, పెనం కింద పడుకున్నట్టుందిరా. ఆ బోదే చానా చల్లగుండేది" అనేది నాయనమ్మ.

"ఊరంతా రేకులేసుకుంటుంటే మనకేందమ్మా ఇంకా గడ్డి" అని నాన్న విసుక్కునేవాడు.

ఆ ఎండాకాలమే నాయనమ్మ వడదెబ్బకు పోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు నాన్న నిచ్చెనెక్కి రేకుల మీద బోద పరిచాడు. ఇల్లంతా కాదు, కింద నాయనమ్మ మంచం ఉండే మూల వరకే.