అన్నం ముంగటి ప్రార్థన

పటాన్‌చెరుల కంపెనీలు కొత్తగ లేస్తున్న రోజులు. సంగారెడ్డిల బస్సెక్కితే నా పక్కన ఒక ముసలవ్వ కూసున్నది. ఒళ్లె బైబిలు, దాని మీద వాచిన చెయ్యి. పెదవి పగిలి నెత్తురు గడ్డకట్టింది.

"ఎవలు కొట్టిన్రవ్వా?"

"మా ముసలాయన. పొద్దుగాల కట్టెతోని కొట్టిండు."

"ఈ వయసుల గూడనా? ఎట్ల ఓర్సుకుంటున్నవ్?"

"అన్నం ముంగట నేను ప్రార్థన చేస్త బిడ్డా. ఆయన కండ్లు మూసి చేతులు జోడిస్తడు. ఆమెన్ అనేదాంక ఆ చేతులు నా మీదికి రావు. అందుకే సుట్టాల పేర్లన్నీ తీస్త, సచ్చినోళ్లయి గూడ. గప్పటికి అన్నం సల్లారిపోతది."

"సల్లారితే ఏమంటడు?"

"ఇయ్యాల దానికే కొట్టిండు."

ఇస్నాపూర్ల నేను దిగిన. ఆమె పెదవులు అప్పటికే కదులుతున్నయి.

ఇంటికొచ్చి పీట మీద కూసున్న. నా భార్య కంచం పెట్టి, రెండడుగులు ఎనకకు జరిగి నిలబడ్డది. పెండ్లయినప్పటి సంది రోజూ గట్లనే జరుగుతుండొచ్చు, నేను గా పూటే సూసిన. సరిగ్గ నా చెయ్యి అందనంత దూరం.