చిలకమ్మ గుప్పెడు

కొర్రా చిలకమ్మ ఏ పనికైనా ముందు అరచేతులు చీర చెంగుకు తుడుచుకుంటుంది. పొయ్యి మీది వాసానికి వేలాడే ఎండు ఆనపబుర్రను దించేటప్పుడైతే రెండుసార్లు. అత్త ఇచ్చిన సామల విత్తనం అందులోనే ఉంటుంది. కొత్త ఏడు మొదలయ్యే ఇటుకల పండుగనాడు ఏటా ఓ గుప్పెడు ఆకుదొప్పలో పోసుకుని దేవుడి దగ్గరికి వెళ్తుంది. ఊరందరి విత్తనాలూ ఒకే బుట్టలో కలిపి పూజారి తలా గుప్పెడు తిరిగిస్తాడు. ఈసారి విత్తనంతో పనే లేదు. కొండవాలు మొత్తం కాఫీకి వదిలేద్దామని కోడలు బేబితో తానే అంది, గోతులూ తానే తవ్వింది. అయినా పండుగ పొద్దున కాళ్లు అటే నడిచాయి, చెయ్యి దానంతటదే ముందుకు సాగింది, గుప్పెడు వచ్చిపడింది.

ఇప్పుడు దాన్నేం చేయాలో పాలుపోలేదు. దేవుడు తాకిన విత్తనాన్ని వండుకోకూడదు. మళ్లీ బుర్రలో పోస్తే ఇంకెప్పుడు మొలుస్తుంది? అలా పట్టుకునే వాలు ఎక్కి, ఈ గోతి దగ్గర కాసేపు, ఆ గోతి దగ్గర కాసేపు నిలబడింది. చివరికి ఒక గోతిలో పోసి మన్ను కప్పేసింది. "ఏటి సేత్తన్నావత్తా? అది కాఫీ గొయ్యి గదా!" అని కిందినుంచి అరిచింది బేబి. "అవునే." "మరి మొక్కెక్కడ పెడతాం?" చిలకమ్మ ఖాళీ అరచేతిని చూసుకుంది, వాలంతా చూసింది. చేతులు రెండుసార్లు చెంగుకు తుడుచుకుని, గునపం అందుకుని, ఆ పక్కనే కాఫీకి ఇంకో గొయ్యి తవ్వసాగింది.