బోరు లేని వైపు

పరిశోధన అనగానే నాకు గుర్తొచ్చేది యూనివర్సిటీ లైబ్రరీ కాదు, మా బాబాయి వాళ్ల అరుగు. సుద్దముక్కతో పులిజూదం గీసి, చింతపిక్కల్ని పులులుగా, మిరపకాయ తొడిమల్ని మేకలుగా పెట్టి "కోరుకోవే" అనేవాడు. నేనెప్పుడూ పులుల్నే కోరుకునేదాన్ని. మిగిలిన మేకలతో ఆయన ఓపిగ్గా ఆడి, నా పులుల్ని కదలకుండా కట్టేసేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఎదుటివాడు ఏం చేస్తాడో ముందే ఊహించి మన ఎత్తు వేయాలన్న సంగతి ఆ మంటలోనే నా బుర్రకెక్కింది. దాన్ని గేమ్ థియరీ అంటారని తర్వాత తెలిసింది. ఎమ్మెస్సీ అయ్యాక అందులోనే పీహెచ్‌డీకి చేరాను. "ఆటలాడినా డాక్టరేటు ఇస్తున్నారంట!" అని పక్కింటావిడ ఊరంతా చెప్పుకొచ్చింది.

నేను తీసుకున్న విషయం పంపకాలు. ఒక ఆస్తిని ఇద్దరికీ, ఎవరికీ అసూయ కలగకుండా పంచడం ఎలా? మావైపు దీనికి పాత పద్ధతి ఒకటుంది. పెద్దవాడు పంచాలి, చిన్నవాడు కోరుకోవాలి. వంకరగా పంచితే నష్టం పంచినవాడికే కాబట్టి, జాగ్రత్తగా పంచుతాడు. అయితే లెక్కల్లో ఇక్కడో మెలిక ఉంది. తమ్ముడి మనసు అన్నకి ముందే తెలిస్తే, కాస్త ఎక్కువ తనవైపు మిగిలేలా గీత గీయగలడు. ఆ మెలిక మీదే నా థీసిస్.

సరిగ్గా అప్పుడే మా ఇంట్లోనే పంపకం వచ్చిపడింది. నాయనమ్మ పోయాక, ఎవరి పిల్లల అవసరాలు వాళ్లవని, నల్లపాడు అవతలున్న మిరపచేను పంచుకుందామనుకున్నారు నాన్నా, బాబాయీ. ఇక చుట్టాలందరికీ నోళ్లు లేచాయి. పిన్ని వాళ్లన్నయ్య పొన్నూరు నుంచి దిగాడు. కాలవల కింద వరి పండించే మనిషి. "నీళ్లున్న చోటే పొలం బావా, మిగతాదంతా దిబ్బ" అని మా బాబాయి చెవిలో ఇల్లు కట్టుకున్నాడు. పంపకం చెడితే పలకరింపులు కూడా పోవడం మా ఊళ్లో చాలాసార్లు చూశాను. పొలం ఎవరికి ఎంత వస్తే నాకేం? ఆ అరుగు నాకు కాకుండా పోతుందేమోనని భయపడ్డాను.

ఆ ఉదయం అందరం చేలో నిలబడ్డాం. నాన్న గీత గీశాడు. ఒకవైపు బోరుతో చిన్న చెక్క, రెండోవైపు కాస్త పెద్దదే గానీ వానాధారం మెరక.

"ఏరా, కోరుకో."

"నువ్వే తీసుకో అన్నా. మిగిలింది నాది."

"పద్ధతేంటి? చిన్నోడివి నువ్వు కోరుకోవాల!"

"నే కోరుకోను."

ముందు చెయ్యి చాపినవాడు ఆశపోతని ఊరు అంటుంది. అది ఇద్దరికీ తెలుసు. ఎండ నెత్తికెక్కింది. మధ్యవర్తిగా వచ్చిన పెద్దాయన విసుక్కుని నావైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వు చదివేది ఇదేగా? వీళ్లిద్దరిలో ఎవరూ ముందు నోరు తెరవకుండా తేలే దారేదన్నా చూడు."

ఆ దారి నా పుస్తకాల్లో మొదటి పాఠమే. ఎవరూ ముందు కాదు, ఇద్దరూ ఒకేసారి. ఇద్దర్నీ గీత మీద నిలబెట్టాను. "చప్పట్లు కొట్టగానే ఎవరికి కావాల్సిన వైపుకి వాళ్లు నడవండి. ఒకర్నొకరు చూసుకోవద్దు" అన్నాను. ఇద్దరూ బోరు వైపే వెళతారని, అప్పుడు చీటీలు వేయొచ్చని నా అంచనా.

చప్పట్లు కొట్టాను. ఇద్దరూ మెరకలోకి నడిచారు.

పక్కపక్కనే నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు మొదలైంది అసలు గొడవ. "ఒరేయ్, బుద్ధుందా నీకు? బోరు అటుంది, అటు పో! చిన్నపిల్లలున్నోడివి!" అని నాన్న. "నువ్వు పో అన్నా! ఈ వయసులో వాన కోసం ఆకాశం వంక చూస్తా కూర్చుంటావా?" అని బాబాయి. మొత్తం పంపకంలో వాళ్లిద్దరూ అరుచుకున్నది అప్పుడొక్కసారే. పొన్నూరాయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. చివరికి మా అమ్మకి ఒళ్లు మండింది. "మీ మర్యాదలు తగలెయ్య! బోరు ఉమ్మడిగా ఉంచుకుని, ఆ గీత చెరిపి చేను చెరిసగం వచ్చేలా మళ్లీ గీయండి" అంది. ఇద్దరూ బుద్ధిగా తలలూపారు.

ఆ సాయంత్రం బాబాయి అరుగు మీద సుద్దముక్క పట్టుకుని "కోరుకోవే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

థీసిస్‌లో అప్పటిదాకా ప్రతి మనిషీ తన లాభమే కోరుకుంటాడని మొదటి పేజీలోనే రాసేసుకుని ముందుకెళ్లాను. ఇప్పుడు ఎదుటివాడి లాభాన్ని తన లాభం కన్నా ఎక్కువగా చూసుకునే ఇద్దర్ని లెక్కలో పెట్టి చూశాను. చిక్కు పోలేదు, తిరగబడిందంతే. ఆశపోతులిద్దరు బోరు దగ్గర ఢీకొంటే, మంచివాళ్లిద్దరు మెరకలో ఢీకొంటారు. ఉమ్మడిగా ఉంచుకోగలిగిందేదో ఒకటి ఉంటేనే ఇద్దరికీ దారి దొరుకుతుంది. అదొక అధ్యాయమైంది. ఈ రోజు నాకు ఆ పట్టా, ఈ లెక్చరర్ ఉద్యోగం ఉన్నాయంటే ఆ అధ్యాయం చలవే. అది రాసింది నేనే అయినా, నడిచింది వాళ్లు. ఆ రుణం తీరేది కాదు, తీర్చాలనీ లేదు.

వైవా రోజున, బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు ఆ అధ్యాయం దగ్గర ఆగి నవ్వారు. "లెక్క బాగానే ఉందమ్మా. కానీ ఇలాంటి మనుషులు నిజంగా ఉంటారా?"

"బయటే ఉన్నారండీ" అని వెళ్లి తలుపు తీశాను.

వరండాలో ఒక్కటే కుర్చీ ఉంది. నాన్నా బాబాయీ ఇద్దరూ నిలబడే ఉన్నారు.