పాలకూర మీద పుంటికూర గెలిచిన ఏడాది

రక్తం పట్టించడంలో పాలకూర మన పుంటికూర, అదే గోంగూర, కాలిగోటికి సరిపోదని మా ఇంట్లో రుజువు చేసింది నేనే. పుంటికూర తిన్న బలంతో పడుచుతనంలో మరమగ్గాన్ని ఒంటిచేత్తో లేపినవాణ్ణి మరి. సరే, లేపలేదు. ముగ్గురు మోశారు, ఎటు తిప్పాలో నేను చెప్పాను.

ఆ ఏడు మా ఆవిడకు గర్భసంచి ఆపరేషన్ చెయ్యాలన్నారు. రక్తం తక్కువగా ఉంది, అది పెరిగితేనే చేస్తామన్నారు. ఆకుకూరలు తినమని, ఇనుము గోలీలు మింగమని చెప్పి పంపారు. ఆమెకేమో తొందర. మా కూతురికి తొలికాన్పు దగ్గరపడుతోంది. ఆలోపే ఆపరేషనై తేరుకుంటే, పసిగుడ్డును కాళ్ల మీద పండబెట్టుకుని తనే నీళ్లు పోయాలని ఆశ. మాలో అది అమ్మమ్మ పని.

మేం బతకొచ్చిన ఈ మగ్గాల ఊళ్లోనే, నవాగామ్‌లో ఉన్న అత్తగారింటి నుంచి వచ్చినప్పుడల్లా కూతురు పాలకూర కట్టలు తెచ్చేది.

"బాపూ, పాలక్‌ల ఐరన్ ఉంటది. అమ్మకు రోజూ పెట్టు."

"నీ పాలక్‌ల ఉన్నయి నీళ్లే. పుంటికూరల దానికి పదింతలు ఇనుము. పైంగ పులుపు. పులుపు తోడుంటె ఇనుము పెయికి జల్ది పడ్తది."

"పదింతలని ఎవలు చెప్పిన్రు?"

"పెద్ద డాక్టర్."

ఏ డాక్టరూ చెప్పలేదు. పులుపు సంగతి ఎక్కడో విన్నాను. పదింతలు మాత్రం అప్పటికప్పుడు నోటికొచ్చింది.

"మీ తండ్రీబిడ్డల లొల్లి ఒడిసేలోపు నాకున్న రక్తం గూడ ఇంకిపోతది. ఏదో ఒకటి వండుండ్రి" అంది మా ఆవిడ.

నేనే గెలిచాను. పర్వత్ పాటియా బజారులో ఒక మరాఠీ ఆమె 'అంబాడీ' అని అమ్మేది మన పుంటికూరే. నేనే తెచ్చి, నేనే వండి, దగ్గర కూర్చుని తినిపించాను. తినడం అవగానే చాయ్. మగ్గాల మీద రాత్రి పాళీలు చేసినవాళ్లకు అన్నం తిన్న వెంటనే నిద్ర ఆగడానికి చాయ్ పడాల్సిందే. కార్ఖానా మానేసి ఏళ్లయినా ఆ అలవాటు పోలేదు. ఒక్కణ్ణే తాగితే సయించదని ఆమెకూ పోసేవాణ్ణి. ఇనుము గోలీ కూడా ఆ చాయ్‌తోనే మింగేది.

రక్తం పెరగలేదు. ఆపరేషన్ వాయిదా పడింది. మళ్లీ పరీక్ష, మళ్లీ వాయిదా. చివరికి డాక్టరమ్మ ముందు కూడా పుంటికూర గొప్పలు మొదలుపెట్టాను.

"రెండూ మంచివే కాకా, వాటి తేడా తర్వాత చూద్దాం. గోలీ దేంతో వేస్తున్నారు?"

"చాయ్‌తో" అన్నాను, గర్వంగానే.

"తిన్న వెంటనే చాయ్ పడితే ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. పాలకూరైనా, అంబాడీ అయినా, గోలీ అయినా అంతే."

బయటికొచ్చాక మా ఆవిడ తిట్టలేదు. "గిన్ని దినాలు బతిమాలి మరీ తాగిపిస్తివి గదయ్యా" అంది, అంతే.

చాయ్ దూరం పెట్టాక రక్తం మెల్లగా పెరిగింది. ఆపరేషన్ అయ్యేసరికి కాన్పు కూడా అయిపోయింది, అత్తగారింట్లోనే. వియ్యపురాలు మనవరాలికి నీళ్లు పోస్తుంటే కూతురు ఫోన్‌లో చూపించేది. కుట్లు ఇంకా ఆరని మా ఆవిడ మంచం మీద కాళ్లు చాపుకుని చూసేది.

"నెత్తి మీద గట్ల పొయ్యద్దు, కండ్లల్ల పడ్తయి, చెయ్యి అడ్డం పెట్టుమను" అని ఫోన్‌కు చెప్పేది. అక్కడి నీళ్ల చప్పుడులో ఎవరికీ వినబడేది కాదు.

ఇప్పుడు మనవరాలు మా ఇంటికొస్తే బకెట్ దగ్గర నిలబడి తన నీళ్లు తనే పోసుకుంటుంది. మా ఆవిడ తువ్వాల పట్టుకుని తలుపు బయట నిలబడుతుంది.